రిలీవరు లేకుండా ఓడెక్కకండి

ఈ మధ్య మా వీధిలో కొత్తగా కాపురం పెట్టిన జంట ఒకటి మా ఇంటికొచ్చింది. "ఆంటీ, మీరు ట్రావెల్స్‌లో చేశారట కదా, మేం క్రూజ్‌కి వెళ్తున్నాం, ఏమేం తీసుకెళ్ళాలి?" అని అడిగారు. అడుగుతూనే ఆ అమ్మాయి ఫోను తీసి చూపించింది. టోపీ దగ్గర్నుంచి చలువ కళ్ళజోడు దాకా ఎవరో వీడియోలో అన్నీ చెప్పేసి ఉన్నారు. ఇంక నన్నడగడం దేనికి? అయినా అడిగినవాళ్ళకి చెప్పకుండా ఊరుకునే గుణం నాకు పుట్టుకతోనే లేదు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి మొదలుపెట్టాను. సగంలో ఉండగా వాళ్ళకి సినిమా టైమైందని లేచారు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మీకు సినిమా టైమేమీ లేకపోతే చదవండి.

మా నాన్న పోర్టు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చిన మనిషి. పోర్టు గోడ పక్కనే పెరిగాను గానీ, ఓడెక్కే యోగం మాత్రం రిటైరవడానికి కాస్త ముందు దాకా పట్టలేదు. నేను పనిచేసింది ద్వారకానగర్‌లో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు. గట్టిగా లెక్కపెడితే ముగ్గురమే. ఒకరు ఓనరు, ఆయనకి ప్రతీదీ రేపే మొదలెట్టెయ్యాలని ఆత్రం. రెండోవారు టికెట్లూ బుకింగులూ చూసే పెద్దాయన, పాతనగరం నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. వాళ్ళింట్లో అందరిదీ అత్తరు వ్యాపారం, ఈయనొక్కరే దారితప్పి మాలో పడ్డారు. మూడో మనిషిని నేను. గుంపుల్ని వెంటబెట్టుకుని కాశీ, రామేశ్వరం, షిర్డీ తిప్పి, అందర్నీ ప్రాణాలతో వెనక్కి తేవడం నా పని.

మన ఊళ్ళోంచే చెన్నైకి విహార నౌక బయలుదేరుతుందని తెలిసిన రోజునే ఓనరు "మనమూ వేసేద్దాం" అన్నారు. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ నాకు మొదటి పాఠం చెప్పారు. "బెహన్, ఓడంటే ఉయ్యాల బల్ల. చివర కూర్చున్నోడు ఎక్కువ ఊగుతాడు, మధ్యలో కూర్చున్నోడు తక్కువ ఊగుతాడు. కడుపులో తిప్పే జనానికి మధ్యలో, కింది అంతస్తులో గది అడగాలి. బాల్కనీ అనీ, పైన అనీ మురిసిపోతే తరవాత బకెట్ పట్టుకోవాలి." ఇన్నేళ్ళయినా క్రూజ్ గురించి ఇంతకంటే మంచి సలహా నేనెక్కడా వినలేదు.

మా మొదటి గుంపు ఉక్కునగరం బ్యాచ్. స్టీల్ ప్లాంటులో ఒకే విభాగంలో, ఒకే షిఫ్టులో చేసి, ఒకరి వెనక ఒకరు రిటైరైన స్నేహితులు. క్వార్టర్లు ఖాళీ చేసి దువ్వాడ చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకున్నా, సాయంత్రాలు మళ్ళీ ఉక్కునగరం పార్కులోనే కలిసేవారు. వాళ్ళ తరఫున ఆఫీసుకొచ్చినాయన ఫోర్‌మన్‌గా చేసిన మనిషి. నల్లగా, పొడుగ్గా, గొంతు మాత్రం మైకు మింగినట్టు ఉండేది. ఫర్నేసుల పక్కన అరిచి అరిచి అలా అయిపోయిందట.

"మేడమ్, మాకు పండగలేదు, పెళ్ళిలేదు. పొద్దున ఎ-షిఫ్టు, మజ్జానం బి-షిఫ్టు, రాత్రి సి-షిఫ్టు, ఇలగే బతికేసినాం. మా ఆడోళ్ళని ఎక్కడికీ తీసుకెల్లింది లేదు. ఇప్పుడు తీసుకెల్తాం," అన్నాడు. అంతా బాగానే ఉంది. చివర్లో గొంతు తగ్గించి, ఇంకో జంట ఉందన్నాడు. ఆయన గొంతు తగ్గించగలడని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఇంకో జంటలో ఆయన క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నిండిన పెద్ద పాత్రని గాల్లో వేలాడదీసి తీసుకెళ్ళే క్రేను, దాని క్యాబిన్‌లో కూర్చుని జీవితం గడిపినాయన. భార్యకి రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడివైపు బలం లేదు, మాట ఒకటీ అరా తప్ప రాదు.

నేను కుదరదన్నాను. ఇప్పుడొచ్చి అడిగినా మొదట కుదరదనే అంటాను, అది నా వృత్తి. ఓడ ఊగుతుంది, బాత్రూములు ఇరుకు, రాత్రికి రాత్రి ఏదైనా అయితే నడిసముద్రంలో ఏం చేస్తాం? ఫోర్‌మన్ కుర్చీ ఇంకొంచెం ముందుకి లాక్కుని కూర్చున్నాడు. పక్క టేబుల్ నుంచి పెద్దాయనే అన్నారు. "చక్రాల కుర్చీ వాళ్ళకి వేరే గదులుంటాయి బెహన్. తలుపు వెడల్పు, గడప ఉండదు, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలుంటాయి. అలాంటివి ఓడ మొత్తానికి కొన్నే. ఆఖర్న అడిగితే దొరకవు. ముందు డాక్టర్‌గారు సరేనంటే అప్పుడు అడుగుదాం." డాక్టరుగారు సరేనన్నారు. ఇంక నేనే మిగిలాను అడ్డం.

మనిషిని చూడకుండా ఒప్పుకోనని చెప్పి, దువ్వాడలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. శుభ్రంగా తల దువ్వి, జడ వేసి, బొట్టు పెట్టి ఉంది. అంతా ఆయన చేతి పనే. జడ మాత్రం పలుపుతాడులా బిగించాడు. "ఓడెక్కుతారా అమ్మా?" అని అడిగాను. ఆవిడ పెదాలు కదిలాయి. మాట బయటికి వచ్చేలోపే ఆయన అందుకున్నాడు. "ఎక్కుద్దండి. కానీ బయమండి దానికి." ఆవిడ ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టింది. "నీళ్ళా? ఉండు తెత్తాను," అని ఆయన లోపలికి పరిగెత్తాడు. ఆవిడ నాకేసి చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదు, బతిమాలడమూ కాదు. "చూశావా, ఇదీ నా బతుకు" అన్నట్టు ఉంది.

అప్పటికే అక్కడికొచ్చి ఉన్న ఫోర్‌మన్ భార్య నన్ను గేటు దాకా సాగనంపుతూ మిగతాది చెప్పింది. "దాని సీర కొంగు సేతికి సుట్టుకుని కింద సాపేసుకుని పడుకుంటాడమ్మా. అది కదిలితే లేత్తాడు. రెండేళ్ళనుండి మడిసికి నిద్దర లేదు. పార్కుకీ రాడు. ఈయన పడిపోతే దాన్నెవరు సూత్తారు? అదీ మాటాడదామని నోరు తెరుత్తాది, ఈడు మూసేత్తాడు. పేమే అనుకో. పేమైతే మాత్తరం?" ఆవిడది ఎలమంచిలి, ఆ జబ్బుపడినావిడదీ ఎలమంచిలే. చిన్నప్పట్నుంచీ ఒకరినొకరు ఎరుగుదురు. ఈ ప్రయాణం ఓడ కోసం కాదని, ఆ ఇద్దర్నీ ఆ వరండాలోంచి బయటపడెయ్యడానికని నాకప్పుడు అర్థమైంది. ఆ రోజే గది అడిగించాను.

బయలుదేరే రోజు సంగతి చెప్తాను, మీకు పనికొస్తుంది. పెద్ద పెట్టెలు ఓడవాళ్ళు ముందే తీసుకుని, తర్వాతెప్పుడో మన గదికి చేరుస్తారు. అందుకని మందులూ, ఒక జత బట్టలూ, కప్పుకోడానికి శాలువా చేతిసంచిలో పెట్టుకోండి అని వందసార్లు చెప్పాను. అందరూ తలూపారు. చేతిసంచుల్లో జంతికలు, చేగోడీలు, మాడుగుల హల్వా పెట్టుకున్నారు, మందులు పెద్ద పెట్టెల్లో పెట్టారు. క్రేన్ ఆయన ఒక్కడే భార్య మందులన్నీ మెడలో వేలాడే సంచిలో పెట్టుకొచ్చాడు. గుంపులో మరో జంట సామాన్లలో రైస్ కుక్కరు బయటపడింది. ఓడలో అలాంటివి ఒప్పుకోరు. సెక్యూరిటీ అబ్బాయి దాన్ని పక్కన పెడుతుంటే ఆ ఇల్లాలు, "మరి ఆయనకి ఆళ్ళ అన్నం పడకపోతే?" అని నన్నే నిలదీసింది. తీరా చూస్తే ఆయన ఓడలో మూడు పూటలా అందరికంటే ఎక్కువ తిన్నాడు.

ఎక్కగానే ఒక డ్రిల్లు ఉంటుంది. ప్రమాదమొస్తే ఎవరు ఎక్కడ చేరాలో ముందే నేర్పుతారు. దాన్ని మాత్రం ఎగ్గొట్టకండి, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. అలారం మోగింది. నేను మాకు చెప్పిన చోటుకు వెళ్ళి నిలబడ్డాను. ఓడ కుర్రాడొకడు చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు, పక్కన క్రేన్ ఆయన. అంతే. మా గుంపులో ఇంకెవ్వరూ లేరు. ఓడలో ఉద్యోగం చేసే ముంబై వైపు అమ్మాయి చేతిలో వాకీటాకీతో "మీవాళ్ళేరీ?" అని హిందీలో అడుగుతోంది, నేను మెట్లకేసి పరిగెత్తాను.

తీరా చూస్తే బ్యాచ్ మొత్తం పై డెక్కు మీద ఉంది. మగాళ్ళందరూ తడి రుమాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఓడ జెండా ఎటు ఎగురుతోందో చూసి, పెళ్ళాల్ని లాక్కుంటూ గాలి వచ్చే వైపుకి నడిచి, ఒక మూల గుంపుగా నిలబడి ఉన్నారు. నా వెనకే పైకొచ్చిన ఆ అమ్మాయి ఇదేమిటంది. ఫోర్‌మన్ వివరించాడు. "గేసు అలారం మోగితే గాలికెదురెల్లాలి మేడమ్. ప్లాంట్లో అదే నేర్పినారు. కాళ్ళు ఆటంతట అయ్యే ఎల్లిపోయినాయి." నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఆ పిల్ల పగలబడి నవ్వింది. నవ్వింది గానీ వదల్లేదు, మొత్తం గుంపుని కిందికి దింపి, మళ్ళీ మొదట్నుంచీ చేయించింది. మంచిపని చేసింది.

ఓడ కదిలింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మా పక్కనుంచి జరిగిపోతుంటే మావాళ్ళు కమ్మీల దగ్గరికి తోసుకున్నారు. అటు తిరిగి దక్షిణానికి మళ్ళాక, సాయంత్రం ఎండలో ఒడ్డున స్టీల్ ప్లాంటు చిమ్నీలు కనిపించాయి. జీవితమంతా దాని కడుపులో గడిపినవాళ్ళు దాన్ని బయటినుంచి, సముద్రంలోంచి చూడడం అదే మొదలు. "అదిగో మన షాపు." "అది కాదురా, దాని పక్కది." విభాగాన్ని ప్లాంటులో షాపనే అంటారట. ఒకాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. ఫోర్‌మన్ చుట్టూ చూసి, "మన క్రేనోడు ఏడీ?" అన్నాడు. క్రేన్ ఆయన గదిలో ఉన్నాడు. కిటికీ తెర కూడా తియ్యలేదు, వెలుగు పడితే భార్యకి తలనొప్పి వస్తుందేమోనని.

రాత్రికి సముద్రం కొంచెం లేచింది. ఫర్నేసు వేడికి చలించనివాళ్ళు చిన్న ఊపుకి అరటిబోదెల్లా పడిపోయారు. మొదటిరోజే బఫేలో కనిపించినదల్లా పళ్ళెంలో వేసుకోవద్దని మొత్తుకున్నాను. ఎవరు వింటారు? కడుపులో తిప్పుతుంటే గదిలో పడుకోకండి, బయటికొచ్చి దూరంగా ఆకాశం సముద్రం కలిసేచోటు చూడండి, అల్లం ముక్క నోట్లో వేసుకోండి, ఏదైనా తేలిగ్గా తినండి. అంతకంటే ఎక్కువైతే ఓడలో డాక్టరుంటాడు. ఆ రాత్రి నేను తలుపు తలుపుకీ తిరిగి అల్లం పంచాను. గమ్మత్తేమిటంటే, ఆ చక్రాల కుర్చీ గదిలో మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దాయన మధ్యలో ఇప్పించారు కదా.

మర్నాడు రోజంతా సముద్రమే, ఏ ఊరూ రాదు. తెల్లారకముందే బ్యాచ్ లేచి, టీ ఇచ్చే హోటలు తలుపు ముందు వరసగా నిలబడి ఉంది. ఎ-షిఫ్టు అలవాటు. తలుపు తియ్యడానికి ఇంకా చాలా టైముంది. ఆ ఖాళీలోనే వాళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. నాకేమీ చెప్పలేదు. టిఫిన్లయ్యాక ఫోర్‌మన్ నన్ను "రండి మేడమ్, సాచ్చికం కావాలి," అని పిలుచుకెళ్ళాడు.

క్రేన్ ఆయన గది తలుపు కొట్టారు. ఆయన తెరిచాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎదురుగా ఫోర్‌మన్, ఆయన భార్య, వెనక ఇంకో జంట.

"బావా, రిలీవర్లం వచ్చాం. ఛార్జి ఇచ్చెయ్," అన్నాడు ఫోర్‌మన్.

"ఏటిరా ఈ ఏళాకోలం? ఎల్లండి, అది ఇప్పుడే టిపిను తింది."

"ఏళాకోలం కాదు. రిలీవరు వచ్చి గుమ్మంలో నిలబడితే ఛార్జి ఇవ్వనన్నోడు మన షాపులో ఎవడైనా ఉన్నాడేటి? నువ్వే సెప్పు."

ఇక్కడ మీకొక మాట చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. ప్లాంటులో రిలీవరు రాకుండా డ్యూటీ దిగిపోవడం పాపం. అందులోనూ క్రేన్ ఆపరేటరు. గాల్లో కరిగిన ఉక్కు వేలాడుతుంటే వదిలి ఎలా వస్తాడు? తర్వాతి షిఫ్టు మనిషి మెట్లెక్కి క్యాబిన్‌లోకి వచ్చేదాకా ఆకలైనా, జ్వరమైనా కూర్చోవలసిందే. దానికి రెండో వైపు కూడా అంతే గట్టిది. రిలీవరు వచ్చాక, సంగతులన్నీ ఒప్పజెప్పి, అంటే ఛార్జి ఇచ్చి, దిగిపోవలసిందే. ఇంకా కూర్చుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. అలిసినవాడి చేతిలో క్రేను ఉండకూడదు.

క్రేన్ ఆయన ఫోర్‌మన్ మొహంలోకి చూశాడు. ఫోర్‌మన్ నవ్వడం లేదు. క్రేన్ ఆయన గొంతు మారింది. నేనెప్పుడూ వినని, డ్యూటీ గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దుటి మాత్రలైపోయినాయి. మజ్జానంవి సంచిలో పైన ఉన్నాయి. కుడిసెయ్యి పట్టి లేపకండి, నొప్పెడతాది. నీళ్ళు కొంచెం కొంచెంగా ఇయ్యండి, గబగబా తాగితే పొరబోతాది. ఎడం పక్కన కూకోండి, అటైతే దానికి బాగుంటాది."

ఫోర్‌మన్ భార్య ఒక్కొక్క ముక్కా తిరిగి అప్పజెప్పింది. అదీ పద్ధతేనట, విన్నది మళ్ళీ పైకి చెప్పాలి. ఆయన మెడలోని సంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. గుమ్మం దాటాడు. దాటి, తలుపు పక్కనే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

నేనూ గదిలోకి, కుర్చీలో ఉన్నావిడ దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళు గదిలో, మగవాళ్ళు బయట, కుర్చీ తొయ్యాల్సి వస్తే మగవాళ్ళు అని వాళ్ళలో వాళ్ళే పని పంచుకున్నారు. ఆవిడ పెదాలు కదిలాయి. బయటినుంచి ఆయన గొంతు, "బాత్రూం అంటంది కాబోలు సూడండి." ఫోర్‌మన్ భార్య లేచి వెళ్ళి, "డూటీ దిగిపోయినోడికి లోపలి మాటలేటి? గేటు దాటెల్లు బావా," అని తలుపేసేసింది. వచ్చి ఎడం పక్కన కూర్చుని, జంతికల పొట్లం విప్పుకుంది. "నిదానంగా సెప్పవే. నాకేటి బస్సుందా, రైలుందా? సెన్నై వచ్చీదాకా ఈడే ఉంటాను."

ఆవిడ ప్రయత్నించింది. ఆగింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. మళ్ళీ ప్రయత్నించింది. నాకు చెప్పొద్దూ, ఆ నిశ్శబ్దం భరించలేక "నీళ్ళా అమ్మా?" అనెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. క్రేన్ ఆయన బాధ అప్పుడు తెలిసింది నాకు. ఎదుటివాళ్ళు అలా అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో. ఫోర్‌మన్ భార్య మాత్రం జంతిక నములుతూ ఆవిడకేసి చూస్తూ కూర్చుంది. జంతిక అయిపోయింది, ఇంకోటి తీసింది.

"పైన," అంది ఆవిడ. కాసేపాగి, "గాలి."

"పైనకెల్లి గాలి పీల్చుకుంటావా? ఇంతేనా? ఓలమ్మా, దీనికా ఇంత యాతన," అని తలుపు తీసి, "కుర్చీ తొయ్యండి," అని కేకేసింది.

ఇంక ఆ రోజు ఓడ మీద ప్లాంటే నడిచింది. డెక్కు మీద నీడలో చక్రాల కుర్చీ. ఒక జంట వచ్చి నిలబడేది, "ఛార్జి" అనేది. దిగే జంట మాత్రలేమయ్యాయి, ఏం తాగింది, ఎటు కూర్చుంటే ఎండ తగుల్తోంది, అన్నీ చెప్పేది. ఎక్కే జంట తిరిగి అప్పజెప్పేది. మిగతా ప్రయాణికులు ఇదేదో ఓడవాళ్ళు పెట్టిన ఆటనుకుని చుట్టూ చేరారు. ఒక గుజరాతీ అమ్మమ్మ తననీ షిఫ్టులో చేర్చుకోమంది.

అంతా సవ్యంగా జరిగిందని కాదు. మధ్యాహ్నం రావాల్సిన జంట ఇంద్రజాలం చూస్తూ లోకం మరిచిపోయింది. డ్యూటీలో ఉన్నవాళ్ళు రిలీవరు లేకుండా కదలమని భీష్మించుకుని భోజనం మానేశారు. నేను కూర్చుంటాను, మీరెళ్ళి తినండి అన్నా వినలేదు. "మీరు మా షాపు కాదు కదండీ," అన్నారు. ఆ ఇంద్రజాలం జంట తిరిగొచ్చాక వాళ్ళకి పడిన అక్షింతలు ఇక్కడ రాయకూడదు. వాళ్ళింకా రాకముందు, ఇదంతా చూస్తూ ఒక స్తంభం చాటున క్రేన్ ఆయన ఉన్నాడు. "ఆళ్ళు రాలేదు కదా, నాను తీసుకుంటానులే," అని ఆశగా ముందుకొచ్చాడు. ఫోర్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నీకు ఈ రోజు వీక్లీ ఆఫ్."

పాపం, ఆఫ్ అయితే ఎక్కడికెళ్ళాలి? ఆ స్తంభం దగ్గర్నుంచి ఈ స్తంభం దగ్గరికి తిరిగాడు. కళ్ళెప్పుడూ ఆ కుర్చీ మీదే. ఒకసారి డెక్కు కుర్చీలో కూర్చుని తూగాడు, ఉలిక్కిపడి లేచి చేతికేసి చూసుకున్నాడు, కొంగు ఉందా లేదా అని. నేను పక్కకి తిరిగిపోయాను.

ఆవిడ మాత్రం మారుతూ వచ్చింది. గొప్పలు చెప్పను, అద్భుతాలేం జరగలేదు. చెయ్యి చెయ్యిలాగే ఉంది, కాలు కాలులాగే ఉంది. కానీ మనుషులు మారుతున్నారు, ఒక్కరికీ ఆవిడకేం కావాలో ముందే తెలియదు, అందుకని ప్రతివాళ్ళకీ ఆవిడే చెప్పుకోవలసి వచ్చింది. "ఐసు" అని చెప్పి ఐస్‌క్రీం తిన్నది. "ఎండ" అని చెప్పి కుర్చీ జరిపించుకుంది. ఎవరిదో ముతక హాస్యానికి నవ్వింది. డాక్టర్లు దీనికేం పేరు పెడతారో నాకు తెలియదు. ఫోర్‌మన్ భార్య మాత్రం, "ఆకలేత్తే బిడ్డే అడుగుతాది," అంది.

సాయంత్రం డెక్కు మీద హౌసీ మొదలైంది. అంకెలు పిలుస్తుంటే చీటీ మీద కొట్టేసుకునే ఆట. ఆవిడ ఎడమచేతిలో పెన్ను, ఒళ్ళో చీటీ. పక్కన ఎలమంచిలి స్నేహితురాలు అంకె వెతికి చూపిస్తే, వంకరటింకరగా తనే కొట్టేస్తోంది. పై వరసలో ఒక్క అంకె మిగిలింది. అప్పుడొచ్చాడు క్రేన్ ఆయన. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, డ్యూటీకి తయారై వచ్చాడు.

"ఛార్జి తీసుకుంటన్నాను. సీకటి పడతంది, సలిగాలి దానికి పడదు," అని కుర్చీ వెనక్కి వెళ్ళి పిడులు పట్టుకున్నాడు.

ఈసారి ఫోర్‌మన్ ఏమీ అనలేదు. ఆయన వచ్చి అడిగాడంటే రిలీవరే, ఇవ్వకుండా ఎలా? అందరూ లేవబోయారు. కుర్చీ కదలలేదు. ఆవిడ పెన్ను వదిలేసి, ఎడమచేత్తో చక్రం పట్టుకుంది.

పెదాలు కదిలాయి. ఆయన ముందుకి వంగాడు. "ఏటి, నీళ్ళా? సలేత్తందా?"

"ఆగు బావా," అంది ఫోర్‌మన్ భార్య. గట్టిగా కాదు. ఆయన ఆగాడు. మేమందరం ఆగాం. అవతల అంకెలు పిలిచేవాడు పిలుస్తూనే ఉన్నాడు, మా బల్ల దగ్గర ఒక్కరూ చీటీ చూడలేదు. ఆవిడ మెడ నరాలు బిగుసుకున్నాయి. ఒకసారి మాట దొరక్క కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ఆయన నోరు తెరవబోయి, తన చేత్తోనే నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చూశాను.

"బావా," అంది ఆవిడ. "నువ్వు... ఎల్లు, నాను... తరవాత... వత్తాను."

పూర్తి వాక్యం. రెండేళ్ళలో అదే మొదటిదని తర్వాత తెలిసింది. తన మొగుణ్ణి పొమ్మని చెప్పడానికి పుట్టిన వాక్యం అది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. ఫోర్‌మన్ కండువాతో మొహమంతా తుడుచుకుని, "ఉప్పుగాలి," అన్నాడు. ఆవిడ మాత్రం అప్పుడే చీటీకేసి చూస్తోంది, ఆ మిగిలిన అంకె పిలిచారా లేదా అని.

క్రేన్ ఆయన పిడులు వదిలాడు. ఒక్కొక్క వేలూ తీశాడు. ఏడుస్తాడనుకున్నాను, కోపం తెచ్చుకుంటాడేమో అని కూడా అనుకున్నాను. రెండూ లేవు. "సరే," అన్నాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు, తీశాడు. నాలుగడుగులు వేసి నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఈ ఓడలో సూడ్డానికి ఏటుందమ్మా?"

బస్సులో వస్తూ గుంపందరికీ అదే పాఠం చెప్పాను. నాటకాల హాలుంది, ఈత కొలనుంది, అన్నీ చూడాలని పరిగెత్తకండి, రోజుకి ఒకటీ రెండూ చాలు అని. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన్ని డెక్కు చివర కమ్మీ దాకా తీసుకెళ్ళి నిలబెట్టాను. పొద్దు కుంకుతోంది. ఒడ్డు ఎటూ లేదు. నీళ్ళమీద ఆ రంగంతా పరుచుకుని ఉంది. ఆయన రెండు చేతులతో కమ్మీ పట్టుకుని అలా చూస్తూనే ఉండిపోయాడు. ఓడెక్కి ఒక రోజు దాటింది, ఆయన ఇంతవరకూ సముద్రాన్నే చూడలేదు.

"ఇది నిన్నటినుండీ ఇలగే ఉందేటమ్మా?" అని అడిగాడు.

"ఉందండి," అన్నాను.